పోను ఎనిమిది, రాను అయిదు

సైకిల్ బరువుగా నడుస్తోందని అంగన్‌వాడీ టీచర్ బ్లెస్సీ ఈ వారంలో మూడోసారి షాపుకొచ్చింది. దుమ్ముగూడెం సైకిల్ మెకానిక్ సుకుమార్‌కి ఇక పరువు సమస్యే అయింది. బాల్‌బేరింగులు మార్చాడు. చెయినుకి నూనె పెట్టాడు. ఫోన్లో స్టాప్‌వాచ్ తీశాడు.

“టీచర్, కల్వర్టు దాకా తొక్కుండ్రి. చేరంగనే మిస్డ్ కాల్ ఇచ్చి వాపసు రండ్రి. గియ్యాల దీని సంగతి తేలాలె.”

పోను ఎనిమిది నిమిషాలు పట్టింది. రాను అయిదే.

“అవ్, రోడ్డు ఇటు వాలున్నట్టుంది,” అనుకుని, ఈసారి తనే వెళ్లి కల్వర్టు మీద నిలబడ్డాడు. బ్లెస్సీ షాపు నుంచి అయిదు నిమిషాల్లో వచ్చేసింది. తిరిగి షాపుకి చేరడానికి ఎనిమిది పట్టింది.

వాలు గంటలో తిరగబడుతుందా? సుకుమార్ తల గోక్కున్నాడు. టైర్లు ముందుది వెనక్కి, వెనకది ముందుకి మార్చాడు. సగం దారిలో ఉన్న చర్చి గేటు దగ్గర నిలబడి మళ్లీ తొక్కమన్నాడు. గేటు దాకా సైకిల్ గాల్లో తేలుతూ వచ్చింది. గేటు దాటగానే ఎడ్లబండి అయిపోయింది.

“ఆగుండ్రి టీచర్! సైకిల్ల ఏం తప్పు లేదు. తకరారంతా తొక్కేటోళ్లదే!”

బ్లెస్సీ సైకిల్ తిప్పుకుని వచ్చి, చున్నీతో చెమట తుడుచుకుంది.

“నాకు మొదటి రోజే ఎరుక. రేపోసారి పాస్టరుగారిని పక్కన పెట్టుకొని, ఈ గేటు లోపల నిలబడి చూడు. సైకిల్ గూడ అక్కర్లేదు, ఉరికొస్త.”