నీలం చారల చొక్కా

బంతి సముద్రంలో పడింది.

తన్నినవాడు రామతీర్థం జట్టు కుర్రాడు. భావనపాడు ఇసకలో ఏటా జరిగే పోటీకి అది ఫైనల్. రామతీర్థం ఒక గోలు ముందుంది. ఆట ఆఖరికి వచ్చేసింది.

"ఒరే, తన్నినోడే తేవాల! మా క్లబ్బు రూలు!" అని అరిచాడు వెంకీ. ఊరి జట్టుకి వాడే కెప్టెన్.

కుర్రాడు అలల వంక చూశాడు. భయపడుతూనే అడుగు వేశాడు.

ఒక ముసలాయన చేతులు చాపి వాడికి అడ్డం నిలబడ్డాడు.

"నువ్వాగు బాబూ. నానెల్తాను."

ఆయన ఏ ఊరివాడో అక్కడున్నవాళ్లెవరికీ తెలీదు. ఏటేటా ఫైనల్ రోజున వస్తాడు. వెలిసిపోయిన నీలం చారల చొక్కా వేసుకుని, చీలమండల దాకా నీళ్లలో నిలబడతాడు. కుర్రాళ్లు అర్జెంటీనా తాత అని వెక్కిరిస్తారు.

"ఆయన జోలికెల్లకండ్రా" అని మాత్రం అంటాడు క్లబ్బు ప్రెసిడెంటు గంగులు. ఎందుకో చెప్పడు.

అదే గంగులు మైకు దొరికితే క్లబ్బు చరిత్ర మొత్తం చెప్తాడు. ఎనభయ్యారులో టెక్కలి వెళ్లి టీవీలో అర్జెంటీనా కప్పు గెలవడం చూడటం, అది నలుపు తెలుపు టీవీ కాబట్టి చొక్కా రంగేదో పేపర్లో వెతుక్కోవడం, నీలం చారల గుడ్డ తెచ్చి ఊరి దర్జీ చేత కుట్టించుకోవడం, తెప్పల కర్రలు గోలు స్తంభాలుగా పాతడం. ఈ ఏడు బ్రెజిల్‌లో ప్రపంచ కప్పని కుర్రాళ్లు పసుపు చొక్కాలకి మారిపోయారు. అదీ కలిపి పొద్దున్నే చెప్పాడు.

చరిత్ర అంటే అంతే కదా. చెప్పుకోడానికి బాగున్నదే మైకులో వినిపిస్తుంది.

ముసలాయన చొక్కా విప్పకుండానే నీళ్లలో దిగాడు. తల పైకెత్తి, రెండు చేతులతో నీళ్లు కొడుతూ ఈదాడు. ఒడ్డున జనం పగలబడి నవ్వారు. నడక కంటే ముందు ఈత వచ్చే పేట అది.

"అది ఈతేటే? బురదలో గేది దొర్లినట్టున్నాది!" అంది చేపల బుల్లమ్మ.

బంతి దూరం దూరం పోతోంది. వెంకీ ఒడ్డున గంతులేస్తున్నాడు.

"బేగి రా ముసిలోడా! బేగీ!"

ముసలాయన బంతిని గుండెకి హత్తుకుని, రొప్పుతూ ఒడ్డెక్కేసరికి రిఫరీ విజిలు ఊదేశాడు.

ఆట అయిపోయింది. కప్పు మొదటిసారి ఊరు దాటుతోంది.

వెంకీ వెళ్లి ముసలాయన కాలరు పట్టుకున్నాడు.

"నువ్వు ఆళ్ల మడిసివి. కావాలనే నెమ్మదిగా వచ్చినావు."

"కాదు బాబూ. ఆ కుర్రోడికి ఈతొచ్చో రాదో అని..."

"ఈత రానోడుంటాడేటి లోకంలో?"

అందరూ మళ్లీ నవ్వారు.

"ఇది మా క్లబ్బు పాత చొక్కా. ఎక్కడ కొట్టేసినావు? విప్పు!"

ముసలాయన రెండు చేతులతో గుండీలు మూసుకున్నాడు.

"ఇదొక్కటీ వొద్దు బాబూ. నీకు దండం పెడతాను."

నలుగురు కలిసి లాగేశారు. భుజం దగ్గర పర్రుమని చిరిగింది. వెంకీ దాన్ని ఇసకలో పారేశాడు.

ముసలాయన చొక్కాని చూశాడు. సముద్రాన్ని చూశాడు. ఎముకలు తేలిన ఛాతీని చేతులతో కప్పుకుని రోడ్డు వైపు వెళ్లిపోయాడు.

కాసేపటికి ముఖ్య అతిథిని వెంటబెట్టుకుని గంగులు వచ్చాడు. కాలికి చొక్కా తగిలింది. వంగి తీశాడు. మొహం మాడిపోయింది.

"ఆయనేడిరా?"

"తరిమేసినాం మావా. ఆడి వల్లే ఓడిపోయినాం."

గంగులు అతిథిని వదిలేసి ఇసకలో కూలబడ్డాడు.

"ఇది గిరిబాబు చొక్కారా."

"ఆడెవుడు? మైకులో ఎప్పుడూ సెప్పలేదే?"

"ఏ మొకం పెట్టుకుని సెప్పమంటావు? టెక్కలిలో సదువుకునే రైతు బిడ్డ. ఆట పిచ్చితో సైకిలు తొక్కుకుని వచ్చీవోడు. క్లబ్బు పెట్టిన ఏడే, ఆడు తన్నిన బంతి నీళ్లల్లో పడ్డాది. తన్నినోడే తేవాలని మేమందరం ఎగదోసినాం."

"అయితే?"

"ఈత రాదని సెప్పడానికి సిగ్గుపడిపోయినాడు. ఈత రానోడుంటాడని మాకూ తెల్దు. కొత్త చొక్కా తడిసిపోతాదని ఒడ్డున ఇప్పి దిగినాడు. ఆళ్లింటికి ఇదొక్కటే తిరిగెల్లింది."

బుల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మరి ఈ తాత...?"

"జగన్నాధం గారు. ఆడి అయ్య."

వెంకీ రోడ్డు మీదికి పరిగెత్తాడు.

"చొక్కా లేని ముసలాయనా? ఇప్పుడే టెక్కలి ఆటో ఎక్కేసినాడు" అన్నాడు కిళ్లీ బడ్డీ సోములు. "చలి పడతాదేమో, నా తువ్వాలు తీసుకో అంటే వొద్దన్నాడు."

వెంకీ తిరిగి వచ్చేసరికి గంగులు అక్కడే కూర్చుని ఉన్నాడు. చొక్కాలోంచి ఉప్పునీళ్లు పిండుతున్నాడు.

వెంకీకి ఆ చొక్కా వంక చూడటానికి ధైర్యం చాల్లేదు. పసుపు చొక్కా అంచు నలుపుతూ నిలబడ్డాడు.

"పొలం పనోడికి ఈ వయసులో ఆ ఈతెలగొచ్చింది మావా?"

గంగులు తలెత్తలేదు.

"కొడుకు పెద్దకార్యం అయిన మర్నాడు, నేర్పమని నన్నే అడిగినాడ్రా" అన్నాడు.