ఏటికి పోయిన మూల

“ఆ సీసాలో ఉండేది మన ఏటి మన్నేనా సామీ?”

చెన్నరాయప్ప అడిగిన తీరుకు మునికృష్ణప్పకు నవ్వొచ్చింది. అతనూ ఆ పక్క చింతామణి ఊరి పిల్లోడే, విశాఖపట్నంలో సముద్రం చదువు చదువుతున్నాడు. చిత్రావతి ఒండ్రును సముద్రపు బురదతో పోల్చి చూడాలని పరగోడు దగ్గర ఏట్లోకి దిగితే, ఈ ముసలాయన ఎద్దులబండి తోలుకొచ్చి పక్కనే తవ్వడం మొదలుపెట్టినాడు.

“నెల్లూరు పక్క సముద్రం అడుగున తీసిన బురదప్పా ఇది. చిత్రావతి పోయి పెన్నలో కలుస్తుంది, పెన్న పోయి సముద్రంలో పడుతుంది. మీ ఊరి ఆకూ అలమూ, గడ్డీ, పేడా ఇందులో కొంత ఉంటాయి. మిగతాది సముద్రంలోనే పుట్టి చచ్చిన పాచీ, పురుగులూ. యాడిది ఎంత ఉందో తేల్చడమే మా చదువు.”

“అంత దూరం పొయ్యిండాదా అది!” ముసలాయన నోరు వెళ్లబెట్టినాడు. “బాగేపల్లి సంత దాటి యాపొద్దూ పోలేదే!”

మన్ను సంతకు పోవడమేందిరా దేవుడా అని మునికృష్ణప్ప పగలబడి నవ్వినాడు. గట్టు మీద గడ్డి కోస్తున్న ఆ ఊరి కెంపమ్మ మాత్రం నవ్వలేదు. కొడవలి ఆపి, మళ్లీ కోసుకుంది.

“వరదొచ్చి నా చేని మూల కోసకపాయ సామీ. అప్పట్నించి ఎండాకాలమొస్తే ఏటెమ్మడి ఎతుకుతాండా. పోయినేడు కొడికొండ దాకా పోయినా.”

“దొరికిందా మరి?”

“దొరికినంత తెచ్చుకుంటాండా.”

గట్టు అవతలే ఆయన చేను. ఊరోళ్లు ఒండ్రు తెచ్చి చేనంతా చల్లుకుంటారు. ఈయన తెచ్చిందంతా ఒక్క మూలలోనే దిబ్బగా పోసినాడు. ఆ మూలలో నాగలి పెట్టిన జాడ లేదు, ఎద్దులు తొక్కకుండా చుట్టూ కంప కూడా నాటినాడు. ఇదేం పిసినారి సేద్యమో మునికృష్ణప్పకు అంతుపట్టలేదు.

“ఇంట్లో ఎవురూ లేరా అప్పా, సాయానికి?”

“మా ఇంటిది తిమ్మక్క ఉన్నన్నాళ్లు ఇల్లు ఇల్లుగా ఉండె. ఇప్పుడు సంగటి కెలుక్కునేదీ నేనే, తినేదీ నేనే. పలకరించే దిక్కు లేదు.”

పాపం, మనుషుల్లేక మంటితో మాట్లాడుతున్నాడే అని మునికృష్ణప్పకు జాలేసింది. విశాఖపట్నంలో తానొక్కడే ఉండే గది గుర్తొచ్చింది కూడా.

“అంత లోతులో బాగుంటాదా సామీ?”

“భేషుగ్గా ఉంటుంది. ఆడ గాలాడదు. అందుకే తొందరగా కుళ్లదు, చానా కాలం ఉంటుంది.”

ముసలాయన ముఖం వెలిగింది. అంతలోనే వాడిపోయింది. “గాలాడదా? అయ్యో, ఉక్కపోతంటే దానికి పడదే.”

మునికృష్ణప్పకు ఈసారి నవ్వు రాలేదు.

చెన్నరాయప్ప చెలమలో కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుని, రెండు చేతులూ దోసిలి పట్టి చాపినాడు.

“నాది నాకియ్యి సామీ. పిడికెడే సాలు.”

“కుళ్లిన గుడ్డు కంపప్పా అది.”

“కొట్టనీ.”

అడిగినంత పోసినాడు మునికృష్ణప్ప. ముసలాయన ముక్కైనా మూసుకోలేదు. ఎద్దుల్ని ఎండలోనే వదిలేసి, దోసిట్లో బొట్టు కూడా జారకుండా గట్టెక్కి పోయినాడు. కంప పక్కకు జరిపి, చెప్పులు విడిచి, ఆ నల్లటి బురదను దిబ్బ మీద పోసి, అరచేత్తో మెల్లగా మెత్తినాడు. ఆ పక్కనే చతికిలబడి ఏదో చెప్పుకుంటున్నాడు.

“పిడికెడు బురదకు ఆ మూలలో ఏం పండుతుందమ్మా?” అనడిగినాడు మునికృష్ణప్ప.

కెంపమ్మ సెరగుతో కండ్లొత్తుకుంది.

“ఆ మూలలోనే గదప్పా తిమ్మక్కను పూడ్చింది.”