అక్క గొంతు

జైలు నుంచి విడుదలై, క్షమాపణ అడగడానికి మా మెకానిక్ షెడ్డుకి వచ్చిన లారీ డ్రైవర్‌ని నా బావమరిది గోడకేసి కొట్టి పానా ఎత్తాడు.

"మా అక్కని చంపితే ఏడాదేనా? ఇట్టే అయిపోయిందిరా!"

డ్రైవర్ చెయ్యి అడ్డం పెట్టలేదు. పెదవి చిట్లి రక్తం కారుతోంది. నేను బావమరిది నడుం పట్టుకుని వెనక్కి లాగాను.

"వదులు బావా! అప్పుడే అక్క గొంతు కూడా గుర్తురావట్లేదు నాకు!"

"నాకు ఆ ఏడాదిలో ఒక్క రోజూ కదల్లేదన్నా," అన్నాడు డ్రైవర్. "లారీ గుద్దాక, ప్రాణం పోయేదాకా ఆవిడ తల నా ఒళ్లోనే ఉంది. 'ఏడవకు నాన్నా, కావాలని చేశావా ఏంటి' అంది. రోజూ వినిపిస్తూనే ఉంది."

నా భార్య అందరినీ నాన్నా అనే పిలిచేది. పాలవాణ్ణీ, తమ్ముణ్ణీ.

పానా జారి కింద పడింది. బావమరిది అతని కాలర్ మాత్రం వదల్లేదు.

"ఎలా అంది? మళ్ళీ అను."