పదకొండు సెకన్ల ఏడుపు

తన ఆస్తి తనది కాదని ఎవరో ఒకరోజు వచ్చి చెప్తారేమోనన్నదే రొసాల్బాకు అన్నిటికంటే పెద్ద భయం. ఇరవై నాలుగేళ్లుగా మోస్తున్న ఆ భయాన్ని ఈరోజు తనే రోమ్ స్టూడియో నేలమాళిగ దాకా తెచ్చి, క్రీము బన్నుల పొట్లంతో సహా ఒనోరియో ముందు పెట్టింది.

"సినిమాలో నా బదులు గొంతిచ్చి ఏడ్చిన పిల్ల ఎవరండీ?"

డెబ్బై దాటిన సౌండ్ ఇంజనీరు ఒనోరియో తీరిగ్గా పొట్లం విప్పాడు. "ఇన్నేళ్లకు గుర్తొచ్చిందా తల్లీ?"

"వచ్చే నెల టీవీలో ఆ సినిమాకు పాతికేళ్ల పండగ చేస్తున్నారు. దేశమంతా చూస్తుండగా ఆమె లేచి, ఆ గొంతు నాదే అంటే? దానికంటే ముందే వెతికి పట్టుకుని, అన్జియోలో ఇల్లు ఆమె పేర రాసేస్తాను."

ఆయన నమలడం ఆపేశాడు. "సముద్రం ఒడ్డు ఇల్లా? మీ ఆయన ఒప్పుకున్నాడా?"

"చెప్పలేదు."

"మంచి పని చేశావు. నేనూ పెళ్లయినవాణ్నే."

అయిదేళ్లప్పుడు రొసాల్బా ఆ సినిమాలో, వెళ్లిపోతున్న రైలు వెంట పరుగెత్తి "అమ్మా" అని ఏడ్చింది. ఆ ఏడుపుకు దేశమంతా కళ్లు తుడుచుకుంది. తర్వాత ఇంకో ఏడు సినిమాలు వచ్చాయి. ఒక బిస్కెట్ల కంపెనీ పదేళ్లపాటు రేడియోలో ఆ ఏడుపే వినిపించింది. నగరంలో ఫ్లాటు, సముద్రం ఒడ్డున ఇల్లు, బ్యాంకులో సొమ్ము అన్నీ దాని పుణ్యమే.

కానీ ఆ రోజుల్లో షూటింగులో గొంతు రికార్డు చేసేవారు కాదు. మాటలు తర్వాత ఎవరెవరో వచ్చి చెప్పేవారు. డైలాగు నేర్పే ఓపిక కూడా లేక దర్శకుడు ఆమెతో, "నోరు బాగా తెరిచి, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టు," అన్నాడు. కంట్లో చుక్కల మందు వేశారు. ఆమె లెక్కపెట్టింది. పన్నెండు దాకా వచ్చేసరికి కట్ చెప్పి చప్పట్లు కొట్టారు.

"నేను లెక్కపెట్టానంతే," అంది రొసాల్బా. "అయిదో తరగతితో బడి మాన్పించారు, ఇంకో పని రాదు. తింటున్నదంతా ఆ పిల్ల తిండేమోనని ముద్ద దిగదు. రేపు నా కూతురికి ఇచ్చేది కూడా అదేగా."

"మీ అమ్మ ఏమంటుంది?"

"నోరు మూసుకోమంటుంది. మిగతా సినిమా పిల్లల సంపాదన వాళ్ల అమ్మానాన్నలు ఊదేశారు. మా అమ్మ ఒక్క లీరా ముట్టుకోలేదు, అంతా నా పేరనే పెట్టింది. కాళ్లరిగేలా నిర్మాతల గుమ్మాలు తిరిగింది. ఇప్పుడు నా నీవెస్‌కూ ఆమే దిక్కు. నాలుగేళ్ల పిల్లను బయట ఎక్కడ వదలను? తుమ్మితే భయం, దగ్గితే భయం. గురువారం గురువారం అమ్మ దగ్గర దింపి వస్తేనే నాకు ఊపిరాడేది. ఈరోజూ అక్కడే దింపి వచ్చాను."

ఒనోరియో వేళ్లు తుడుచుకుని అలమరలోంచి ఒక టేపు చుట్ట తీశాడు. "విను. నీకు గొంతివ్వడానికి ముగ్గురు పిల్లల్ని పిలిపించాం. ఒక్కరికీ ఆ ఏడుపు రాలేదు. దర్శకుడు కుర్చీ విసిరేశాడు. మర్నాడు మీ అమ్మ ఆర్జియా చేతిసంచిలో ఇది పట్టుకొచ్చింది."

టేపు తిరిగింది. సంగీతం లేకుండా ఆ ఏడుపును ఆమె ఎప్పుడూ వినలేదు. చెయ్యి తెలియకుండానే గొంతు మీదికి వెళ్లింది.

"నీదే తల్లీ," అన్నాడు ఆయన. "ఇంట్లోనే రికార్డు చేసిందట. అరగంట ఉంది, మేం వాడింది పదకొండు సెకన్లు. చివర్లో తాళం తిరిగిన చప్పుడు, ఏడుపు టక్కున ఆగిపోతుంది. అమ్మ ఒళ్లోకి దూకావు కాబోలు."

రొసాల్బా నవ్వింది. నవ్వుతూనే ముక్కు చీదుకుంది. "అయితే ఇల్లు నాదే."

"ఇల్లు నీదే. బన్నులు మాత్రం వెనక్కి అడగకు."

ఈ మాట ముందు అమ్మకే చెప్పాలి. అక్కడి ఫోన్‌లోనే అమ్మ ఇంటికి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది, ఎవరూ తియ్యలేదు. ఆ మేడకు కింద కాపలా ఉండే పాల్మీరాకు కలిపింది. రొసాల్బా పుట్టకముందు నుంచీ ఆమె అక్కడే.

"మీ అమ్మా? వెళ్లి గంటన్నర అయ్యింది. ఎవరో నిర్మాత దగ్గరికట. లిప్‌స్టిక్ కూడా వేసుకుందమ్మోయ్."

"నీవెస్‌ను తీసుకెళ్లిందా సిన్యోరా?"

"పైనే ఉందిగా, రిహార్సల్‌లో. పాపకూ సినిమా వస్తోందటగా, మాకు ఒక్క ముక్క చెప్పలేదే నువ్వు?"

"రిహార్సలేంటి?"

"ఏడుపు రిహార్సల్. అచ్చం నువ్వే అనుకో. తలుపు తట్టి చెడగొట్టకండని మీ అమ్మ తాళం వేస్తూ మరీ మరీ చెప్పి వెళ్లింది. నీ చిన్నప్పుడూ అంతేగా, మేమంతా మెట్ల మీద కూర్చుని వినేవాళ్లం. మా ఆయనైతే చప్పట్లు కొట్టేవాడు, పాపం పోయాడు. ఇది నీకంటే గట్టిది, గంటసేపు ఏడ్చింది. ఇప్పుడే ఆగింది."

ఒనోరియో రొసాల్బా మొహం చూసి కుర్చీ ముందుకు తోశాడు. ఆమె కూర్చోలేదు.

"వింటున్నావా అమ్మాయీ?" అంది ఫోన్‌లో పాల్మీరా.

"నేనెప్పుడూ రిహార్సల్ చెయ్యలేదు సిన్యోరా, పరుగెత్తి పాపను చూడండి."