పదమూడో ఇంజెక్షన్

తల్లి బతికి ఉంటే గోపాలకృష్ణ ఇంత పనికి ఒడిగట్టేవాడు కాదు. సొంత అన్న రంగనాయకుల్ని పశువుల పాకలో గుంజకి కట్టేశాడు.

కుక్క కరిచింది నిజమే. ఆసుపత్రికెళ్లి రోజూ బొడ్డు చుట్టూ పొడిపించుకుంటున్నదీ నిజమే. పద్నాలుగింటిలో పదమూడో ఇంజెక్షన్ పడ్డాక కాళ్లు చచ్చుబడ్డాయి. జ్వరం. పొంతన లేని మాటలు.

"పిచ్చి ఎక్కింది. ఇంక పోతాడు," అన్నాడు తమ్ముడు.

పెళ్లాం పిల్లలు లేని మనిషి. ఇదేంటని అడిగేవాళ్లు లేరు. రేపల్లె జనం దడి అవతల నుంచే చూసి పోతున్నారు.

గడ్డిమోపుతో పోతున్న ఒక ఆడమనిషి ఆగింది. మోపు దించి, సత్తుగ్లాసుతో నీళ్లు పట్టుకుని లోపలికి నడిచింది.

"ఒసే, ఏ ఊరే నీది? కరుస్తాడే!" దడి అవతల నుంచి ఎవరో కేకేశారు.

"కరవనీండి."

అతని తల ఒళ్లో పెట్టుకుంది.

"తాగు నాయనా."

రంగనాయకులు గటగటా తాగాడు. ఇంకా కావాలన్నాడు.

"పిచ్చైతే నీళ్లు చూసి ఝడుసుకోవాలిగా! ఇదేదో వేరే జబ్బురోయ్!" జనంలో ఎవరో అరిచారు.

అప్పుడు కట్లు విప్పారు. తెనాలి దాకా ఆమే రైల్లో తోడు వచ్చింది.

"కుక్క విషం కాదమ్మా," అన్నాడు అక్కడి డాక్టరు. "ఆ మందు గొర్రె మెదడుతో చేస్తారు. కొందరికి పడదు. దాని మీద తిరగబడ్డ ఒళ్లు సొంత మెదడునీ వదల్లేదు. వాచిపోయింది."

పద్నాలుగోది వద్దని, వాపు తగ్గడానికి స్టెరాయిడ్లు మొదలుపెట్టాడు. నెమ్మదిగా కాళ్లు కదిలాయి. లేచి చూసేసరికి ఆమె లేదు. పెనుమూడి దానమ్మ అట.

ఈలోగా తమ్ముడు అన్న వాటా కర్లపాలెం పొలం అమ్మేశాడు. పట్టా తమ్ముడి పేరనే ఉంది.

"నీ వైద్యానికేగా అన్నయ్యా!"

రంగనాయకులు బాపట్ల కోర్టు చుట్టూ నాలుగేళ్లు తిరిగాడు. దానమ్మ గుర్తొచ్చినప్పుడల్లా, తీర్పు రానీ, అప్పుడు వెళ్దాం, అనుకున్నాడు. తీర్పు వచ్చింది. ఓడిపోయాడు. గోడు వెళ్లబోసుకోడానికి ఆమె తప్ప ఎవరూ తట్టలేదు. పెనుమూడి వెళ్లి తానెవరో చెప్పాడు.

"అమ్మ పోయి ఏడాదైంది బాబాయిగారూ," అంది కూతురు దేవకుమారి.



"ఎంత తెలివిగల మనిషమ్మా! నాది పిచ్చి కాదని చూడగానే కనిపెట్టింది."

"అమ్మకేం తెలుసండి? పిచ్చే అనుకుంది. మా నాన్న కుక్క కరిచి అట్టాగే పోతే భయపడి దగ్గరికెళ్లలేదంట. మిమ్మల్నన్నా ఒంటరిగా పోనివ్వకూడదని లోపలికొచ్చింది."

ఎకరం డెబ్బై సెంట్ల పొలం పోయిన సంగతి ఆయన నోట్లోనే ఉండిపోయింది.