బస్సులో చెప్పిన మాట

విస్తరిలో కోడికూర చల్లారి గడ్డకట్టింది గానీ, తుమ్మచెట్టు మీది కాకి మాత్రం కిందికి దిగలేదు. మనిషి పోయాక మూడొద్దుల నాడు పెట్టిన కూడు పిట్ట ముట్టందే ఎవరూ ముద్ద ముట్టరు. చుట్టాలంతా ఎల్లారెడ్డి శివారు చెలకలో గట్టున కూలబడి, పోయిన ముసలామె మనసులో ఏం మిగిలిందోనని తలా ఒకటి ఊహిస్తున్నారు. కల్లు పోయించారు. మనవరాలి పెళ్లి ఘనంగా చేస్తామని మాటిచ్చారు. కాకి ఉలకలేదు, పలకలేదు.

కృష్ణమోహన్ అప్పుడే అక్కడికి చేరుకున్నాడు. కామారెడ్డిలో రైసుమిల్లు కాపలా దిగి, కంటిమీద కునుకు లేకుండా నేరుగా బస్సెక్కి వచ్చాడు. ఆ అవ్వకు అతడు ఏమీ కాడు. కిందటి వానకాలం, భార్యకు ఇక నయం కాదని డాక్టర్లు తేల్చిచెప్పిన రోజు, ఎల్లారెడ్డి బస్సులో మొహం తిప్పుకుని ఏడుస్తుంటే, పక్క సీటు ముసలామె తన మక్కకంకిని విరిచి సగం అతని చేతిలో పెట్టింది. ఏమైందని అడగలేదు. కొడుకుతో తనకు మాటల్లేవని, తన గోడే దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చింది. ఆ కాస్త దూరం ఆమె పక్కన లేకపోతే తాను ఏ అఘాయిత్యం చేసుకునేవాడో అతనికే తెలియదు. పేరు అడగాలన్న సోయి కూడా లేకపోయింది.

భార్య పోయాక ఆ దారిలో ఎక్కిన ప్రతి బస్సులోనూ ఆమె కోసం వెతికాడు. నిన్న కండక్టరును అడిగితే, కొడుకుతో పడని అవ్వ ఒకామె ఎల్లారెడ్డిలో పోయిందని, రేపే పిట్టకు పెడుతున్నారని చెప్పాడు. ఆమె రుణం తీర్చుకోవడానికి అతని దగ్గర ఉన్నది ఆమె చెప్పిన మాటొక్కటే.

విస్తరి ముందు కొడుకు భీమేష్ తల వంచుకుని కూర్చున్నాడు. చచ్చేదాకా తల్లిని పలకరించలేదు, ఇప్పుడెందుకు ముడుతుందని గట్టు మీద గుసగుసలు. అవి అతనికి వినబడుతూనే ఉన్నాయి.

"అన్నా, అవ్వ నాతోని ఒక మాట చెప్పింది" అన్నాడు కృష్ణమోహన్.

నువ్వెవరివని ఎవరో అడిగారు. బస్సులో కలిశానని చెప్పాడు. అంతకుమించి చెప్పుకోవడానికి చుట్టరికమేమీ లేదు.

"నా కొడుకు మీద నాకు కోపమేం లేదు బిడ్డా అన్నది. వాడొచ్చి ఒక్కపారి అవ్వా అంటె సాలు, అన్నీ మర్సిపోత అన్నది."

భీమేష్ తలెత్తి చెట్టు వైపు చూసి, "అవ్వా" అన్నాడు. ఇంకోసారి, కొంచెం గట్టిగా, "అవ్వా, తినే" అన్నాడు.

కాకి దిగింది. ముద్ద నోట కరుచుకుని ఎగిరిపోయింది.

గట్టు మీద ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. భీమేష్ వచ్చి కృష్ణమోహన్ రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తినకుండా పోనియ్యనని, అంతకుముందు అవ్వకు ఒకసారి మొక్కమని, పట్టిన చెయ్యి వదలకుండా ఇంటికి తీసుకుపోయాడు. వాకిట్లో కుర్చీ మీద, బంతిపూల దండ వేసిన ఫొటో ఉంది. కృష్ణమోహన్ చేతులు జోడించి తలెత్తి చూశాడు.

ఫొటోలో ఉన్న ముసలామెను అతడు ఎన్నడూ చూడలేదు.