కోటిరత్నం గారి టైము

సీడీ పెట్టి వదిలేస్తే ఏమీ అడగకుండా విండోస్ దానంతటదే ఎక్కుతుంది. ఒంగోలులో కొత్తగా తెరవబోయే కంప్యూటర్ సెంటర్లో నేను బిగించిన పది కంప్యూటర్లలోనూ ఎక్కింది, కానీ ఒక్కటీ సర్వర్‌తో కలవలేదు. సాయంత్రం ఆరింటికి ఎమ్మెల్యేతో ప్రారంభోత్సవం. కేబుళ్లు పీకాను, సీడీని తిట్టాను.

చివరికి చూస్తే, పది కంప్యూటర్ల గడియారాలూ రెండు గంటలు వెనక ఉన్నాయి. అంత తేడా ఉంటే సర్వర్ దగ్గరికి రానివ్వదు.

“ఎవరు తిప్పారండీ?”

“నేనే,” అన్నారు ఓనరు కోటిరత్నం గారు. “పని మొదలెట్టడానికి తొమ్మిదికి ముహూర్తమంటే మీరు పదకొండుకి బస్సు దిగారు. అప్పుడు రాహుకాలం, అందుకే తొమ్మిది చేశాను.”

“ఇప్పుడు పదీ సరిచేయాలి.”

“పదెందుకు? సర్వర్ ఒక్కదాన్నే వెనక్కి తిప్పండి.”

తిప్పాను. పదీ కలిశాయి.

ఎమ్మెల్యే ఎనిమిదింటికి వచ్చాడు. కోటిరత్నం గారు నాకు తెర మీద ఆరు గంటలు చూపించారు.

“చూడండి, ఆయన టయానికే వచ్చారు. మీలాగా కాదు.”